చెత్త ఇవ్వని ఇల్లు

కొత్తకాలవ పురపాలక సంఘానికి చెత్త మీద ప్రేమ పుట్టింది కమిషనర్ చిదానందరావుగారు శిక్షణకు వెళ్ళొచ్చాకే. అంతకుముందు ఆ ఊళ్ళో దాన్నెవరూ పట్టించుకునేవారు కారు. ఎవరి చెత్త వాళ్ళు పక్కవాడి గుమ్మం ముందు పోసి, పక్కవాడిది తమ గుమ్మం ముందు చూసుకుని తిట్టుకుంటూ కాలక్షేపం చేసేవారు. కమిషనరుగారు ఎక్కడో కొండమీది చల్లటి హోటల్లో 'ఘన వ్యర్థాల పట్ల దృక్పథం' అనే విషయం మీద వారం రోజులు శిక్షణ పొంది, భుజాన శాలువాతో, ముక్కున జలుబుతో తిరిగొచ్చారు. వస్తూనే సమావేశం పెట్టి, "ఈ క్షణం నుంచి మన పట్టణంలో చెత్త అనేది లేదు. ఉన్నదల్లా తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త మాత్రమే" అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు. అరటి తొక్కను, పగిలిన బల్బును ఒకే సంచిలో కుక్కి కాలవలో పారేసే జనానికి ఎవరో ఒకరు బుద్ధి చెప్పాల్సిందే. చిక్కల్లా మన ఆఫీసులతోనే. వాటి చేతికి ఒక మంచి మాట దొరికిందంటే దాని ప్రాణం పోయేదాకా వదలవు.

ఇంటింటికీ ఆకుపచ్చది, నీలంది, ఎర్రది మూడేసి బుట్టలు పంచారు. ప్రతి గుమ్మం పక్కనా గోడకి నల్లచుక్కల చదరం ఒకటి అంటించారు. పొద్దున్నే బండి మీద వచ్చే మనిషి తన ఫోనుతో ఆ చదరాన్ని ఫొటో తీసి, ఆ ఇంటివాళ్ళు చెత్త ఎలా ఇచ్చారో అందులో నొక్కాలి. వార్డు వార్డునా అవగాహన సదస్సులు జరిగాయి. విస్తరాకు తడా, పొడా అని ఎవరో అడిగారు. భోజనానికి ముందు పొడి, భోజనం తరవాత తడి అని శానిటరీ ఇన్‌స్పెక్టర్ త్రివిక్రంగారు తేల్చేశారు. మామిడి టెంక దగ్గర మాత్రం ఆయనా తడబడ్డారు. దాని మీద ఉపసంఘం కూర్చుంది. రసం ఉన్న టెంక తడి అనీ, చీకేసిన టెంక పొడి అనీ, సగం చీకి వదిలేయడం పౌరుల బాధ్యతారాహిత్యం అనీ నివేదిక ఇచ్చింది. 'పట్టణ ప్రజలు టెంకను సంపూర్ణముగా చీకవలెను' అని సర్క్యులర్ వచ్చింది. ఆ వేసవంతా కొత్తకాలవ జనం టెంకల్ని భయభక్తులతో చీకారు.

ఇంత సందడీ మంగతాయారు గుమ్మం దగ్గరకొచ్చి ఆగిపోయింది.

మంగతాయారుది కాలవగట్టు వీధి చివర పెంకుటిల్లు. భర్త పోయాక ఆవిడకి మిగిలినవి ఆ ఇల్లు, పెరట్లో సింగారి అనే గేదె. వీధిలో కొన్ని ఇళ్ళకి పాలు పోస్తుంది. ఆ పాల మీదే ఆవిడ బతుకు. సింగారి దూడ పుట్టగానే పోయింది. అప్పటి నుంచి అది తాయారు చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పాలు చేపదు. ఆవిడ పక్కన కూర్చుని వెన్ను నిమురుతూ నాలుగు కబుర్లు చెప్పాలి. అప్పుడే పొదుగు వదులు చేస్తుంది.

ఆ ఇంట్లో చెత్త పుట్టేది కాదు. ఆవిడ అదేదో ఆదర్శంగా పెట్టుకున్నదేమీ కాదు. చెత్త ఎలా పుడుతుందో ఆవిడకి తెలియదు, అంతే. కూరల తొక్కలు, బియ్యం కడుగు, మిగిలిన గంజి సింగారికి. చింతపండు పిప్పి ఇత్తడి చెంబులు తోమడానికి. కొబ్బరి పీచు, చిప్పలు నీళ్ళపొయ్యిలోకి, ఆ పొయ్యిలో బూడిద అంట్లకి. చీర పాతబడితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ. పేడ పిడకలు కాగా మిగిలింది బీరపాదుకి. సరుకులకి గుడ్డసంచీ పట్టుకెళుతుంది. పురపాలక సంఘం వారు దయతో ఇచ్చిన ఆకుపచ్చ బుట్టలో కుడితి కలిపింది, నీలం బుట్టలో తవుడు పోసింది, ఎర్రబుట్టని బోర్లించి పాలు పితికేటప్పుడు పీటగా వేసుకుంది. ప్రభుత్వం వారిచ్చిన వస్తువుల్లో ఇంత పనికొచ్చినవి ఇదివరకు చూడలేదని మెచ్చుకుంది కూడా.

మొదటిరోజు బండి పాట పాడుకుంటూ వచ్చి ఆగింది. బండి మనిషి ఏసుపాదం గుమ్మంలోకొచ్చి కేకేశాడు.

"తాయారమ్మగారూ, చెత్తండి!"

"లేదు బాబూ."

"తడి చెత్తండి?"

"లేదయ్యా."

"పొడిదండి?"

"అదీ లేదు."

"పోనీ హానికరమేమైనా?"

"నాకెవరి మీదా అంత కోపం లేదు నాయనా."

ఏసుపాదం ఫోను చూసుకుని తల గోక్కున్నాడు. "ఇందులో మూడే ఉన్నాయండి. 'వేరు చేసి ఇచ్చారు', 'కలిపి ఇచ్చారు', 'ఇవ్వడానికి నిరాకరించారు'. 'లేదు' అనేది లేదండి. ఏదోటి నొక్కకపోతే ఇది పక్కింటికి కదలనివ్వదండి. నన్నేం చెయ్యమంటారు?"

"నీకేది సుళువైతే అది నొక్కుకో. దానికేం భాగ్యం?" అంది తాయారు.

ఇవ్వనిదాన్ని ఇచ్చారనడం అబద్ధమవుతుందని ఏసుపాదం మూడోది నొక్కాడు. కమిషనరుగారి గదిలో గోడ మీద కొత్తకాలవ పటం ఒకటి వెలుగుతూ ఉంటుంది. ఊరంతా ఆకుపచ్చగా ఉన్న ఆ పటంలో కాలవగట్టు వీధి చివర ఒక ఎర్రచుక్క వెలిగింది. మర్నాడూ వెలిగింది. ఆ చుక్క వెలిగినంతకాలం ఊరికి నూటికి నూరు శాతం రాదు. అది రాకపోతే రాష్ట్రస్థాయి పోటీలో పేరు రాదు. కమిషనరుగారికి అన్నం సయించడం మానేసింది.

త్రివిక్రంగారు స్వయంగా వచ్చారు. చెప్పులు వీధిలో విడిచి, ముక్కుకి రుమాలు కట్టుకుని లోపలికి వచ్చి, కడిగి ముగ్గేసిన గచ్చు చూసి కొంచెం నిరాశపడ్డారు.

"అమ్మా, దాపరికం లేకుండా చెప్పండి. తలసరి చెత్త ఎంతో పైనుంచే లెక్క వచ్చింది. ఆ లెక్క ప్రకారం మీ ఇంట్లో చెత్త ప్రతిదినం ఉత్పత్తి అయి తీరుతుంది. అయినదాన్ని ఎక్కడ దాస్తున్నారు?"

"చెత్త దాచుకోడమేటండి? బంగారమా?"

ఆయన ఆ మాటని మాటగా తీసుకోలేదు. మంచం కింద చూశారు. బియ్యం డబ్బా మూత తీసి చూశారు. అటకెక్కబోతే నిచ్చెన లేదని తాయారు చెప్పింది. చివరికి పెరట్లోకి వెళ్ళారు. అక్కడ సింగారి నిదానంగా నెమరేస్తూ, ముందు పడున్న ఆనపకాయ తొక్కుల్ని ఒకటొకటిగా అందుకుంటోంది.

"ఇదేమిటి?"

"గేదండి."

"అది తెలుస్తూనే ఉంది. ఏం చేస్తోంది అని అడుగుతున్నాను."

"ఆనపకాయ తొక్కులు తింటందండి."

త్రివిక్రంగారి మొహం వెలిగిపోయింది. "అంటే, గృహజనిత తడి వ్యర్థాలను స్వీకరించి, అంతర్గత ప్రక్రియ ద్వారా రూపాంతరం చెందించి, ఘన ఉపఉత్పత్తులను..." అంటుండగానే సింగారి తోక ఎత్తి ఘన ఉపఉత్పత్తిని ఆయన పాదాల దగ్గర సమర్పించింది. ఆయన ఎగిరి పక్కకి దూకి, అక్కడి నుంచే ఫొటో తీసుకున్నారు.

సాయంత్రానికల్లా గోడమీద నోటీసు పడింది. 'మంగతాయారు అను గృహస్థురాలు నివాస ప్రాంతమందు, సింగారి అను పేరుగల తడి వ్యర్థాల శుద్ధి యూనిట్‌ను ఎట్టి అనుమతియు లేక నడుపుచున్నట్లు రుజువైనందున, తక్షణమే తన చెత్తను పురపాలక సంఘమునకు అప్పగింపవలెను. లేనిచో యూనిట్ జప్తు చేయబడును.'

అది చదివించుకున్నాక తాయారుకి నవ్వు రాలేదు. సింగారి పోతే ఆవిడ ఏం తినాలి? వీధిలో ఎవరికీ ఇన్నాళ్ళూ చెయ్యి చాచలేదు. చెత్త ఇస్తే వదిలేస్తామంటున్నారు కాబట్టి, ఎలాగోలా చెత్త సంపాదించాలని నిశ్చయించుకుంది.

పక్కింటి విశాలాక్షి ఆ వీధికే వెలుగు. ఆవిడింటికి రోజూ అట్టపెట్టెల్లో ఏవో వస్తువులు వస్తాయి, ఒక పెట్టె విప్పితే ఇంకో పెట్టె, అది విప్పితే గాలి నింపిన ప్లాస్టిక్ కవర్లు, వాటి మధ్యలో ఎక్కడో చిన్న చెంచా. మూడు బుట్టలూ పొంగిపొర్లేవి. ఆవిడకి పురపాలక సంఘం 'ఉత్తమ చెత్త గృహిణి' అని పట్టా ఇచ్చి శాలువా కప్పింది.

"విశాలాక్షిగారూ, ఓ గుప్పెడు చెత్త సర్దుతారేటండి?" అని తాయారు మొహమాటపడుతూ అడిగింది.

"అయ్యో, మీరడిగితే కాదనేదాన్నా? కానీ మాకే చాలట్లేదండీ. వచ్చేనెల జిల్లా స్థాయికి నా పేరు పంపుతున్నారు. ఒక్క కవరు తగ్గినా పక్క వార్డువాళ్ళు ఎగరేసుకుపోతారు. ఏమీ అనుకోకండి" అంది విశాలాక్షి, బుట్టని కొంచెం లోపలికి జరుపుకుంటూ.

తాయారు ఇంటికొచ్చి ఆనపకాయ కోసింది. కావాలని తొక్కు మందంగా చెక్కింది. అలా చెక్కుతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు మనసు పీకింది. ఆకుపచ్చ బుట్ట ఖాళీ చేసి, తొక్కులు అందులో వేసి, పెరటి గుమ్మం దగ్గర పెట్టి స్నానానికి వెళ్ళింది. వచ్చేసరికి సింగారి పలుపు బారుగా సాగదీసి, మెడ చాచి, బుట్ట అడుగుదాకా నాకేసి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూసింది. వీధిలో బండి పాట వినిపిస్తోంది. ఆవేళ కూడా పటంలో ఎర్రచుక్కే వెలిగింది.

ఇక లాభం లేదని ఆవిడ కమిషనరుగారినే కలుసుకుంది. చిదానందరావుగారు కఠినులేమీ కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"చూడండమ్మా, వ్యక్తిగతంగా మీరంటే నాకు గౌరవమే. కానీ చెత్తని వేరుచేయని ఇంటి గురించి మార్గదర్శకాల్లో ఉంది, వేరు చేసే ఇంటి గురించి ఉంది. చెత్తే లేని ఇంటి గురించి ఎక్కడా లేదు. లేని ఇంటిని నేనెలా ఉందని రాయగలను?"

"నా ఇల్లు ఉందండి బాబూ. మీ ఇన్‌స్పెక్టరుగారు మంచం కింద కూడా చూశారు."

"పోనీ, యూనిట్‌కి లైసెన్సు తీసుకోండి. నివాసాలకి దూరం ఉండాలి. చుట్టూ ప్రహరీ, అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. సామర్థ్యం ఎన్ని టన్నులో యూనిట్ మీద పెయింటుతో రాసి ఉండాలి. అన్నట్టు, అత్యవసర పరిస్థితిలో యూనిట్‌ని ఆపే మీట ఎక్కడుంది?"

తాయారు కాసేపు ఆలోచించింది. "మీటేమీ లేదండి. అరిటిపండు పెడితే ఆగుతాదండి."

కమిషనరుగారు బాధగా తల అడ్డంగా ఊపి జప్తు ఉత్తర్వు మీద సంతకం చేశారు.

మర్నాడు ట్రాక్టరు వచ్చింది. సింగారి ఎక్కనంది. నలుగురు తోసినా అంగుళం కదల్లేదు. చివరికి త్రివిక్రంగారు తాయారునే బతిమాలారు. ఆవిడ పలుపు పట్టుకుని ముందు నడిచింది. ఇంటి మనిషి ముందు నడుస్తోంది కదా అన్న ధీమాతో సింగారి వెనకాలే వచ్చి, బుద్ధిగా ట్రాక్టరెక్కింది. తన చేత్తో తనే అప్పగించానని తాయారు ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఊరి బయట చెత్త యార్డులో ఒక యంత్రం ఉంది. తడి చెత్తని ఎరువుగా మార్చే యంత్రమని చెప్పి తెచ్చారు. దానికి కరెంటు కనెక్షన్ ఇవ్వడం ఏ శాఖ పనో తేలక టార్పాలిన్ కప్పి ఉంచారు. ఇన్నాళ్ళూ వేరు చేసి తెచ్చిన తడి చెత్తని ఏం చెయ్యాలో తెలియక, జాగ్రత్తగా వేరేగా కుళ్ళబెట్టేవారు. ఇప్పుడు సింగారి వచ్చింది. వచ్చిన గంటలోనే ఒక బుట్ట కూరతొక్కలు ఖాళీ చేసి ఇంకా కావాలని అరిచింది. అది చూసి త్రివిక్రంగారికి చెమటలు పట్టాయి. ఇన్నేళ్ళ సర్వీసులో పనిచేసే యూనిట్‌ని ఆయన చూడడం అదే మొదలు.

కమిషనరుగారు వచ్చి రిబ్బను కత్తిరించారు. సింగారి కొమ్ములకి బంతిపూల దండ, మెడలో 'యూనిట్ నంబర్ వన్' అనే రేకు. "పూర్తిగా దేశీయ పరిజ్ఞానంతో, ఇంధనం అవసరం లేకుండా, శబ్దకాలుష్యం దాదాపు లేకుండా నడిచే ఈ కేంద్రం మన పట్టణానికి తలమానికం" అని ఉపన్యసించారు. ఉపన్యాసం పూర్తయ్యేలోపు యూనిట్ బంతిపూల దండని కూడా శుద్ధి చేసేసింది.

ఇక్కడ తాయారు ఇంట్లో ఆనపకాయ తొక్కులు మిగలడం మొదలైంది. ఆవిడ వాటిని ఆకుపచ్చ బుట్టలో వేసేది. ఏసుపాదం తీసుకుని బండిలో పోసుకునేవాడు, పటంలో ఎర్రచుక్క పచ్చబడింది. బండి ఊరంతా తిరిగి, డీజిలు తాగి, పొగ కక్కి, ఆ తొక్కుల్ని తీసుకెళ్ళి సింగారి ముందు పోసేది. గుమ్మం నుంచి పెరట్లోకి వెళ్ళాల్సిన తొక్కు ఊరంతా ఊరేగి అదే నోట్లో పడడాన్ని ఆఫీసు పరిభాషలో 'శాస్త్రీయ రవాణా' అంటారట.

రెండోరోజుకి యూనిట్ మొరాయించింది. తిండి మానేసింది, యార్డు దద్దరిల్లేలా అరిచింది. పొదుగు రాయిలా గట్టిపడింది. పాలు తియ్యడానికి ఎవరిని పిలిచినా దగ్గరకు రానివ్వలేదు, ఒకాయన మోకాలు పగలగొట్టింది కూడా. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇంకో పూట ఇలాగే వదిలేస్తే పొదుగు చెడిపోతుంది, గేదె దక్కదు అన్నాడు. ఏసుపాదం బండి దిగి తాయారింటికి పరిగెత్తాడు.

ఆవిడ ఏ చీరతో ఉందో ఆ చీరతోనే, ఇత్తడి బకెట్టు పట్టుకుని వచ్చింది. "ఏమే తల్లీ, నా మీద కోపమొచ్చిందా? నేనేం చేతును?" అంటూ పక్కన కూర్చుని వెన్ను నిమిరింది. సింగారి అరుపు ఆపి, ఆవిడ భుజం మీద గడ్డం ఆనించింది. చూస్తుండగానే చేపింది. బకెట్టులో నురగ పైకి లేచింది. తాయారు కళ్ళు తుడుచుకుంటూ బకెట్టు తీసుకుని గేటు వైపు నడిచింది.

"ఆగండమ్మా," అన్నారు త్రివిక్రంగారు. "అదెక్కడికి?"

"వీధిలో పోసొత్తానండి. అందరూ చూత్తా ఉంటారు."

త్రివిక్రంగారు మార్గదర్శకాల పుస్తకం తీసి, చూపుడు వేలు తడిచేసుకుని పేజీలు తిప్పారు. "తడి వ్యర్థాల శుద్ధి యూనిట్ నుండి స్రవించు ఏ ద్రవమైనను లీచేట్‌గా పరిగణింపబడును. దానిని యార్డు దాటించరాదు. జన వినియోగమునకు అసలే అనుమతింపరాదు. గొయ్యిలో పారబోయవలెను. ఇదుగో, చూడండి."

"లీచేట్ అంటే ఏటండి?"

"చెత్తలోంచి కారే మురుగునీరు."

తాయారు బకెట్టు ఆయన ముందుకి ఎత్తి చూపించింది. "ఇయి పాలండి!"

"మీ ఇంట్లో ఉండగా పాలే. నేను కాదనను. ఇక్కడ యార్డులో లీచేట్. వ్యక్తిగతంగా నాకూ ఇబ్బందిగానే ఉంది, కానీ రేపు రాష్ట్ర బృందం వచ్చి, మురుగునీటిని జనానికి తాగిస్తున్నారని రాస్తే నా ఉద్యోగం ఉంటుందా?"

"పోనీ నేను పితకను. ఏం చేత్తారు?"

"పితక్కపోతే ఏమవుతుందో డాక్టరుగారు చెప్పారుగా."

తాయారు వెనక్కి చూసింది. సింగారి తేలికపడి నెమరేస్తోంది. ఆవిడ బకెట్టు తీసుకెళ్ళి గొయ్యి అంచున నిలబడింది. చెయ్యి ఒంపలేకపోయింది. ఏసుపాదం వచ్చి సాయం పట్టాడు. ఇద్దరూ కలిసి పారబోశారు. ఏసుపాదం ఫోను తీసి 'లీచేట్ నిర్వీర్యం చేయబడినది' అనే చోట నొక్కి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అప్పటి నుంచి రెండు పూటలా అదే పని. పురపాలక సంఘం ఆవిడని 'గౌరవ యూనిట్ ఆపరేటర్' అని నియమించి ముదురుపచ్చ కోటు ఇచ్చింది. గౌరవం కాబట్టి జీతం లేదు.

రాష్ట్ర బృందం కార్లలో దిగింది. అధ్యక్షులవారు దేశదేశాల చెత్త చూసొచ్చిన మనిషి. పచ్చ, నీలం, ఎరుపు బుట్టలు చూశారు, చీకిన టెంకల కుప్ప చూసి ముచ్చటపడ్డారు. గొయ్యి దగ్గరికి వచ్చి అలవాటుకొద్దీ ముక్కు మూసుకుని, ఎందుకో వదిలి, వాసన చూశారు. వంగి చూశారు.

"ఇంత తెల్లటి లీచేట్‌ని నా జీవితంలో చూడలేదు! దుర్గంధం లేదు, నలుపు లేదు. ఏం టెక్నాలజీ వాడుతున్నారు?"

"దేశీయమేనండీ," అన్నారు కమిషనరుగారు వినయంగా.

గొయ్యి పక్కనే షామియానా కింద అందరికీ టీలు ఇచ్చారు. ప్యాకెట్ పాలతో కాచిన ఆ టీ నీళ్ళనీళ్ళగా ఉందని అధ్యక్షులవారు సగం వదిలేశారు. పచ్చకోటు వేసుకుని వరసలో నిలబడ్డ తాయారు గొయ్యి వైపు చూసి, ఆ కప్పు వైపు చూసి, తల దించుకుంది. కొత్తకాలవకి మొదటి ర్యాంకు వచ్చింది. కమిషనరుగారిని పూలమాలలతో ముంచెత్తారు. మాలల్లో ప్లాస్టిక్ దారం ఉండడం వల్ల, పూలొక బుట్టలో, దారమొక బుట్టలో వేశారు.

కాలవగట్టు వీధిలో తాయారు పాలు పోసే ఇళ్ళవాళ్ళు ఎన్నాళ్ళు చూస్తారు? అందరూ ప్యాకెట్లకి అలవాటుపడ్డారు. తాయారు ఇంట్లో దాచుకున్నదేదో తింటూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. ఒకరోజు పొద్దున్న కాఫీ చుక్క పడక తలనొప్పి తట్టుకోలేక, కొట్టుకెళ్ళి చిన్న పాలప్యాకెట్ తెచ్చుకుంది. ఆవిడ జన్మలో పాలు కొనుక్కోవడం అదే మొదటిసారి. మూల కత్తిరించి గిన్నెలో పోసుకుని, ఖాళీ కవరు కడిగి, చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడింది. అది సింగారి తినదు. పొయ్యిలో వేస్తే కంపు. బొంతకి పనికిరాదు. తోమడానికి పనికిరాదు. ఎంత ఆలోచించినా దానితో ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు.

వీధిలో బండి పాట వినిపించింది. తాయారు ఆ కవరుని నీలం బుట్టలో వేసి గుమ్మంలో పెట్టింది.

ఏసుపాదం ఫొటో తీసి, 'వేరు చేసి ఇచ్చారు' అని నొక్కాడు. ఫోను చిన్నగా చప్పట్లు కొట్టింది. వెనకే స్కూటరు మీద వస్తున్న త్రివిక్రంగారు ఆగి, జేబులోంచి, తడీ పొడీ రెండూ ఇచ్చే ఇళ్ళకి అంటించే 'ఆదర్శ గృహం' అనే మెరిసే కాగితం తీసి, నోటీసు చించేసిన చోట స్వయంగా అంటించారు.

"చూశారా తాయారమ్మగారూ! ఇంత చిన్నపనికి మమ్మల్ని ఎన్ని తిప్పలు పెట్టారు?" అని ఆప్యాయంగా కసిరారు.

తాయారు పచ్చకోటు తొడుక్కుని, ఇత్తడి బకెట్టు అందుకుని, యార్డుకి బయల్దేరింది. ఎండెక్కితే సింగారి పొదుగు నొప్పితో అల్లాడిపోతుంది. తొందరగా వెళ్ళి, పితికి, పారబోసి రావాలి.